ఎరువుల గోదాములో సెయింట్ మికోలా

మెలానియా త్రుష్, ల్వీవ్ పట్నం నుంచి వచ్చే బస్సు దిగిందంటే చాలు, లోజినా ఊళ్లో జనం తలుపులు దగ్గరగా వేసుకునేవారు. ఎవరి కిటికీకి ప్లాస్టిక్ బిగించారు, ఎవరు పాత గుమ్మం పీకేశారు అని మెడలో టేపు వేసుకుని వీధంతా తిరిగేది. పాత కట్టడాలను కాపాడే ఆర్కిటెక్టు మరి! మొగుడు బతికున్నన్నాళ్లూ, "నాకూ రెండు వందల ఏళ్లు నిండితే అప్పుడు నా వంక చూస్తావేమో" అనేవాడు. పాపం, నిండకుండానే పోయాడు.

ఇంత చేసిన మనిషి చేసిన అన్నిటికన్నా గొప్ప పని ఏమిటయ్యా అంటే, ఒక అబద్ధం. 1962లో, కమ్యూనిస్టు సర్కారు చర్చిలు మూయించే రోజుల్లో, చదువు అప్పుడే ముగించిన ఈ పిల్ల చేతికి ఓ ఫారం ఇచ్చి లోజినాకు పంపారు. ఇక్కడున్నది మూడు వందల ఏళ్ల చెక్క చర్చి. గోడలే కాదు, కప్పు మీద పెంకులూ చెక్కవే. నిజం రాస్తే నెల తిరక్కుండా పొయ్యిలోకి పోతుంది. "భవనం దేనికి వాడుతున్నారు?" అన్న గడిలో ఆమె "ఎరువుల గోదాము" అని రాసింది. ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో పనిచేసే పరాస్కా, రాసినదానికి సాక్ష్యం ఉండాలి కదా అని, గుమ్మంలో నాలుగు ఎరువు బస్తాలు పడేసింది. ఆ సర్కారు పడిపోయి దేశం మారేదాకా అవి కదల్లేదు. తనిఖీకి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ముక్కు మూసుకుని సంతకం పెట్టి పోయేవారు. లోపల సెయింట్ మికోలా పటం చల్లగా ఉంది.

దేశం మారాక దేవుడు మళ్లీ చెల్లుబాటయ్యాడు. కొన్నాళ్లకు ఫాదర్ జెనోవీ వచ్చాడు. భక్తి దండిగా ఉన్నవాడే, కాకపోతే పక్క ఊరి చర్చి మీద అసూయ అంతకన్నా దండిగా ఉంది. వాళ్లు తమ చర్చికి పైనుంచి కిందిదాకా బంగారు రంగు రేకు తొడిగారు. ఎండ పడితే కొత్తగా తోమిన ఇత్తడి గిన్నెలా మెరిసేది. "మనది చూడండి, కాకిలా ఎంత నల్లగా ఉందో!" అని ఆయన ఆదివారం ఆదివారం వాపోయేవాడు. చివరికి లారీలో రేకు దిగనే దిగింది.

కబురు తెలిసి మెలానియా పరుగెత్తుకొచ్చింది. అప్పటికి రిటైరైపోయింది, వయసు అరవై ఏడు.

"ఫాదర్, ఇది చారిత్రక కట్టడం! ఒక్క మేకు కొట్టాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి!"

ఫాదర్ నవ్వుతూ ఒక పాత కాగితం తీశాడు. "మెలానియా గారూ, ఈ దస్తూరీ మీదేనా, కాస్త చూడండి."

చూసింది. 1962లో తను నింపిన ఫారమే.

"ఎరువుల గోదాముకి రేకేసుకోడానికి అనుమతెందుకండీ? రాసింది మీరేగా. కింద స్టాంపు కూడా ఉంది, ఎంత ముద్దుగా ఉందో!"

నలభై ఏళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి అంత తేలిగ్గా లొంగుతుందా?

"సరే, గోదామే! మరి వ్యవసాయ క్షేత్రం ఆస్తులు పంచినప్పుడు ఈ గోదాము ఎవరి వాటాకి వచ్చింది?"

ఫాదర్ నవ్వు ఆగిపోయింది. కాగితాల ప్రకారం అది వచ్చింది పరాస్కాకి.

"చర్చి అంటారా, ప్రభుత్వ అనుమతి తెండి. గోదాము అంటారా, పరాస్కా అక్క సంతకం తెండి. ఏదో ఒకటి తేల్చుకోండి!"

ఇద్దరూ పరాస్కా ఇంటికి వెళ్లారు. ముసలావిడ పిండిలో కూర పెట్టి ఉడికించే వారెనికీలు చేసుకుంటోంది. తనతో కలిసి బస్తాల నాటకం ఆడిన మనిషి తన పక్షమేనని మెలానియాకు కొండంత ధైర్యం. పరాస్కా చేతుల పిండి దులుపుకుని, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది.

"అక్కా! ఇద్దరం కలిసి కాపాడుకున్న చర్చి కదా!"

"నేను కాపాడింది మికోలాని. నీ పెంకుల్ని కాదు. వానొస్తే ఆయన నెత్తిన నీళ్లు కారుతుంటే బేసిన్ పట్టుకుని నిలబడేది నేను. ఇన్నేళ్లూ వచ్చావు, కొలిచావు, ఫొటోలు తీశావు, పోయావు. ఒక్క మేకు కొట్టావా, అమ్మాయ్?"

చెక్క పెంకులు ఎలా కొట్టాలో రెండు వందల పేజీల పుస్తకం రాసిన ఆ తల్లికి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

"అక్టోబరులో పొక్రోవా పండుగనాడు చూస్తా," అంది పరాస్కా. "మికోలా మీద చుక్క పడకపోతే సంతకం పెట్టను. పడిందా, రేకే."

మర్నాడే మెలానియా కొత్త చెక్క పెంకులు పట్టుకుని నిచ్చెనెక్కింది. మొదటి మేకు వంగింది. రెండో దెబ్బ బొటనవేలి మీద పడింది.

"దిగండమ్మా, అంతా దేవుడు చూసుకుంటాడు," అన్నాడు ఫాదర్ కిందనుంచి.

"ఆయన చూసుకుంటే మీకు రేకెందుకు?"

పండుగ వచ్చేసరికి మికోలా పటానికి నేరుగా పైనున్న కప్పు మాత్రమే పూర్తయింది. సరిగ్గా ఆ రోజే వాన కుమ్మేసింది. చర్చిలో జనమంతా దేవుణ్ణి వదిలేసి కప్పు వైపు చూస్తున్నారు. పరాస్కా బేసిన్ పట్టుకుని పటం కింద నిలబడింది. వేలికి గుడ్డ చుట్టుకున్న మెలానియా ఆమె వెనకే చేరింది.

ప్రసంగం మధ్యలో ఫాదర్ బట్టతల మీద టప్పుమని ఒక చుక్క పడింది. వెంటనే ఇంకొకటి.

"చూశారా! కారుతోంది! పెట్టు పరాస్కా, సంతకం పెట్టు!"

పరాస్కా పటం చట్రం మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జరిపింది. వేలు తడవలేదు. నింపాదిగా నడిచివెళ్లి బేసిన్ ఫాదర్ చేతిలో పెట్టింది.

"మికోలా మీద పడితే అన్నాను. మీ మీద పడితే అనలేదు."

ఫాదర్ మిగతా ప్రసంగమంతా బేసిన్ పట్టుకునే చెప్పాడు. పరాస్కా వెనక్కి తిరిగి, కళ్లు తుడుచుకుంటున్న మెలానియా వైపు చూసింది.

"ఏడుస్తావేం అమ్మాయ్? నిచ్చెన బయటే ఉందిగా."