చెప్పులు విప్పే బ్యాంకు

మా బ్యాంకును పెద్ద బ్యాంకులో కలిపేస్తున్నారన్న కబురు ముందుగా తెచ్చింది పక్కింటి వదిన. పిండి చేతులతోనే వచ్చింది.

“ఇగ ఏసీ, గాజు తలుపులు, అన్నీ వస్తయట.”

“మరి తాత?”

“తాత ఏసీల పడతడా?” అనేసి వెళ్లిపోయింది.

సూరత్‌లోని బమ్రోలిలో, తెలంగాణ నుంచి వలసవచ్చిన మగ్గాలవాళ్లు తలా కొంత వేసుకుని పెట్టుకున్న సహకార బ్యాంకు అది. కౌంటరు వెనక మా నేతవాళ్లు కొలిచే మార్కండేయస్వామి పటం ఉండేది కనుక చెప్పులు గుమ్మం బయటే విప్పేవాళ్లం. అక్కడి ప్యూన్నే అందరం తాత అనేవాళ్లం. చెప్పులు వరసగా సర్దేవాడు, చదువురానివాళ్లకు ఫారాలు నింపేవాడు. నాది మాత్రం నింపేవాడు కాదు. నేను బడికి పోలేదు, ఇంట్లో నాన్న నేర్పిన అక్షరాలే నా చదువు.

“నీకు అక్షరాలొచ్చు గద బిడ్డా, నువ్వే రాయి. తప్పువోతే ఇంకో కాయితమిస్త.”

మొదటిరోజు నాలుగు కాయితాలు పాడుచేశాను. తాత ఇచ్చిన ఆ నాలుగు కాయితాలకూ ఈ రోజుకీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

కొత్తవాళ్లు మహా మర్యాదస్తులు. తాతకు శాలువా కప్పి, ఫోటో తీయించి, ఇంటికి పంపేశారు. సూరత్ ఎండలకు ఉన్ని శాలువా ఎంత అవసరమో వాళ్లకే తెలియాలి. స్వామి పటం ఉన్నచోట నవ్వుతున్న కుటుంబం బొమ్మ పెట్టారు. ఆ బొమ్మలోవాళ్లు ఎప్పుడూ బ్యాంకు లైన్లో నిలబడలేదు కాబోలు.

తెరిచిన రోజు అలవాటుకొద్దీ అందరం గాజు తలుపు ముందే చెప్పులు విప్పాం. ఖాతాదారుగా వచ్చిన తాత, చేతులూరుకోక, వాటిని సర్దుతూ మెట్టు మీద కూర్చున్నాడు. మేనేజరు బయటికి వచ్చాడు.

“అరే, యే మందిర్ నహీ హై.”

“ఇది గుడి గాదని మాకు గూడ సమజైంది సార్,” అంది వదిన.

మేనేజరు తాతను మెట్టు మీంచి లేపించాడు. ఆ నెలలోనే తాత తెలంగాణలో కూతురింటికి వెళ్లిపోయాడు.

లోపల టోకెన్ ఇచ్చే మిషన్ పెట్టారు. అది ఎవరినీ విసుక్కోదు, ఎవరికీ ఏమీ చెప్పదు. అందుకే సోమవారాలు ఆ మెట్టు మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆడమనిషిని లేపడానికి మేనేజరు మొహమాటపడుతున్నాడు, ఆయన చల్లగా ఉండాలి. నిన్న ఒక మగ్గం పిల్ల ఫారం నా చేతిలో పెట్టబోయింది. తీసుకోలేదు, పెన్ను ఇచ్చాను.

చదువుతున్న మీకు ఒక్క మనవి. ఫారం ముందు తడబడే మనిషి ఎక్కడైనా కనిపిస్తే, ఇంకో కాయితం అందించేముందు మా తాతను ఒక్కసారి తలుచుకోండి.