దీపం ముట్టని సిస్టరమ్మ

పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో భోజనం డబ్బా విప్పుతుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "మీ పేషెంటు ఎక్స్‌పైర్ అయ్యారు మేడమ్" అని ఒక మలయాళీ నర్సు మెల్లగా చెప్పింది. మా ఎదురు ఫ్లాట్ సిస్టరమ్మ పోయింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే అన్నీ మంచి మాటలే రాస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

మీరు షార్జాలోనే ఉంటున్నా ఆవిడ మీకెవరికీ తెలిసి ఉండదు. రోలా బజారు వెనక సందులో ఒక క్లినిక్‌లో హెడ్ నర్సు. బొంబాయి యూదుల ఇంటి ఆడపడుచు. రైల్వే ఉద్యోగిని పెళ్ళి చేసుకుని సికింద్రాబాద్‌లో సగం జీవితం గడిపి, ఆయన పోయాక ఇక్కడికొచ్చింది. అందుకే ఆవిడది హిందీలో నానిన తెలంగాణ తెలుగు. పిల్లలు లేరు. బిల్డింగులో అందరూ క్రిస్టియన్ అనుకునేవారు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. తలుపు చట్రానికి యూదులు కొట్టుకునే చిన్న ప్రార్థన గొట్టాన్ని కూడా బయటివాళ్ళకు కనబడకుండా లోపలివైపు కొట్టుకుంది. బయటికి వెళ్ళేముందు దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు ముద్దు పెట్టుకునేది.

నాకు సంగతి తెలిసింది నా అతి తెలివి వల్లే. ఒక శుక్రవారం సాయంత్రం పులిహోర పట్టుకెళ్ళాను. హాల్లో గాజు గ్లాసుల్లో నూనె పోసి ఒత్తులు వెలిగించి ఉన్నాయి. వంటింట్లో మాత్రం ఎవరూ లేకుండా లైటు వెలుగుతోంది. కరెంటు దండగ చేస్తే మా అమ్మ పెట్టే చీవాట్లు తిని పెరిగినదాన్ని. గిన్నె అక్కడ పెట్టి వస్తూ టక్కున ఆర్పేశాను. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. మర్నాడు చీకటి పడ్డాక మా ఇంటికొచ్చి, నవ్వాపుకోలేక చెప్పింది.

"నిన్న నన్ను చీకట్ల పడేసినవ్ గదా బిడ్డా! మాకు శుక్రవారం పొద్దు గూకినంక దీపం ముట్టిచ్చుడు లేదు, ఆర్పుడు లేదు. ఒకరికి చెప్పి చేపిచ్చుడు గూడ లేదు. తడుముకుంట తిరిగిన. నీ పులిహోర మాత్రం చేతికి దొరికింది."

ఆ తరవాత హాల్లో కరెంటు దీపానికి టైమరున్న ప్లగ్గు ఒకటి కొనుక్కుంది. ముందే తిప్పి పెడితే వేళకి దానంతట అదే ఆరిపోతుంది. దేవుడి దగ్గర కూడా లాయరు పాయింట్లేనా అని ఏడిపించాను. "మా దేవునికి వాదన పడుతది. ఊకె దండం పెడితె ఆయనకు పొద్దు వోదు" అంది.

మా అమ్మది కాకినాడ. నాన్న పోయాక నా దగ్గరే ఉంది. వచ్చిన వారంలోనే సిస్టరమ్మను వదినగారూ అని వరస కలిపేసింది. రొయ్యల కూర పంపిస్తే ఆవిడ తినదని తెలిసి చాలా నొచ్చుకుంది. రొయ్యలు తిననివ్వని దేవుడేం దేవుడని అమ్మ బాధ. గోంగూర పచ్చడితో రాజీ పడ్డారు.

ఆ స్నేహం కుదిరిన కొన్నాళ్ళకే అమ్మకు క్యాన్సరని తెలిసింది. అప్పటికే ఎముకల్లోకి దిగింది. నొప్పి వస్తే అమ్మ అరిచేది కాదు, దిండు కొరికేది. సిస్టరమ్మ డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చేది. ఒకరోజు అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఓ సూది పొడిచెయ్యండి వదినగారూ, మళ్ళీ లేవకుండా. మీకు పుణ్యవుంటాది. దీనికి చెప్పకండి, ఏడుస్తాది."

దీనికి అంటే నాకు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. సిస్టరమ్మ చెయ్యి విడిపించుకోకుండానే జవాబు చెప్పింది.

"నొప్పికి ఎంత మందు కావాల్నో అంత ఇప్పిస్త అక్కా. డాక్టరుతోని కొట్లాడి ఇప్పిస్త. గని పానం తీసే సూది నా చేతులకెల్లి రాదు. పోయే మనిషి రెపరెపలాడే దీపం అసొంటిది. ఎవరి వేలు తగిలి ఆరితే వాళ్ళదే పాపం. మా పెద్దలు గట్లనే చెప్పిన్రు."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. నేనూ లోలోపల రగిలిపోయాను. నొప్పి తనది కానప్పుడు ధర్మపన్నాలు ఎవరైనా చెబుతారు అనుకున్నాను. కానీ అన్నట్టే డాక్టర్లతో కొట్లాడింది. ఇక్కడ మార్ఫిన్ అంటే తాళం వేసి దాచే మందు. దానికోసం ఎంతమంది ముదీర్ల, అంటే పై అధికారుల, గదుల ముందు నిలబడిందో నాకు తెలుసు. అమ్మ దిండు కొరకడం మానేసింది.

చివరికి ఊపిరితిత్తులు కూడా చెడిపోయాయి. గొంతులో గొట్టం వేసి మిషను పెడదామన్నారు ఆసుపత్రిలో. సంతకానికి కలం తీసిన నన్ను సిస్టరమ్మ వరండాలోకి లాక్కెళ్ళింది.

"పెట్టకముందే సోంచాయించు. పెట్టినంక ఈడ ఎవ్వరు తియ్యరు. ఇక్కడి కానూన్ల ఆ మాట లేదు. మా మతంల గూడ నడిచే మిషను ఆపుడు చేతితోని సంపినట్టే అంటరు శానమంది."

"మరి మీవాళ్ళు ఏం చేస్తారు?" అన్నాను.

ఇజ్రాయెల్‌లో కొత్త చట్టం వచ్చిందని చెప్పింది. ఆవిడ అక్క అక్కడే ఉంటుంది. ఇక్కడి నుంచి ఆ దేశానికి ఫోను కలవదు కాబట్టి కబుర్లన్నీ బొంబాయి మీదుగా చేరేవి.

"మా రబ్బీ గురువులు, డాక్టర్లు ఏండ్లకేండ్లు కొట్లాడి రాసిన్రు. సూదిచ్చి సంపుడు అండ్ల గూడ లేదు. మిషనుకు మాత్రం టైమర్ పెట్టుకోవచ్చు, నా దీపం లెక్కనే. టైమయితే మల్ల నడిపియ్యాల్నా వద్దా అని అప్పుడు అడుగుతరు. వద్దంటె అదే ఆగుతది. మా అక్క అంటది గది దేవుణ్ణి మోసం చేసుడని. ఏడ్చేటోళ్ళ చేతులకు పాపం అంటకుండ జేస్తె మోసమెట్లయితది? నువ్వే చెప్పు."

కలం బ్యాగులో పడేసి లోపలికెళ్ళాను. మిషను వద్దని డాక్టరుతో చెప్పాను. ఆ మధ్యాహ్నమంతా అమ్మ చెవి దగ్గర "అమ్మా, ఇటు చూడు, నేనమ్మా" అని పిలుస్తూనే ఉన్నాను. పిలిచినప్పుడల్లా అమ్మ కనురెప్పలు కదిలేవి, ఊపిరి ఎగదన్నేది. అప్పుడు సిస్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"పాతకాలపు మాటొకటున్నది బిడ్డా. బయట కట్టెలు కొట్టే చప్పుడుకు పోయేటోని పానం ఆగుతె, ఆ కొట్టుడు బంద్ జేయచ్చు. అది సంపుడు కాదు. నువ్వు పిలుసుడు బంద్ జెయ్."

నోరు మూసుకున్నాను. ఇంతకంటే కష్టమైన పని నేను చెయ్యలేదు. కాసేపటికి అమ్మ వెళ్ళిపోయింది, ముఖం తేటగా ఉంది. ఆ మాట అన్నందుకు ఆవిడ మీద కోపం పోవడానికి చాలా కాలం పట్టింది. ఆ తరవాత ఆ రుణం తలుచుకోని రోజు లేదు.

అలాంటి మనిషికి ఈ చలికాలంలో ఏం జరిగిందో చెబుతాను. క్లినిక్‌లోనే కూలబడింది. మెదడులో రక్తనాళం చిట్లింది. దగ్గర అడగడానికి ఎవరూ లేరు, ఆవిడకు తెలివి లేదు. అంబులెన్సులోనే గొట్టం వేసేశారు. నేను వెళ్ళేసరికి మిషను ఊపిరి పోస్తోంది. దానికి టైమరు లేదు.

బొంబాయి నుంచి ఆవిడ చెల్లెలి కూతురు వచ్చింది. ఇద్దరం డాక్టరును కలిశాం. ఈజిప్టు ఆయన, మంచివాడు. గుండె ఆగితే ఛాతీ గుద్ది మళ్ళీ కొట్టుకునేలా చెయ్యవద్దని అడిగాం. తన చేతుల్లో లేదన్నాడు, కళ్ళు దించుకునే అన్నాడు. మిషను తీసెయ్యమని ఆ అమ్మాయీ అనలేకపోయింది. "మౌసీ ఉంటే తనే ఒప్పుకోదు ఆంటీ" అంది. అదీ నిజమే. అలా వారాలు గడిచాయి. ఆ బుధవారం గుండె ఆగింది. ఆసుపత్రివాళ్ళు చాలాసేపు ఛాతీ మీద గుద్దారట. పక్కటెముకలు విరిగాయని ఆ మలయాళీ నర్సు తరవాత చెప్పింది. ఎవరూ ఆ దీపాన్ని ముట్టుకోలేదు, ఆరనివ్వనూ లేదు. నా కోపం ఎవరి మీదో నాకే తెలియదు.

ఆవిడను బొంబాయి పంపాలి, కాగితాలు కావాలి. ఆ అమ్మాయి కాన్సులేటుకు పరిగెత్తబోతూ ఆగింది. "మాలో మట్టిలో పెట్టేదాకా మనిషిని ఒంటరిగా వదలరు ఆంటీ. ఎవరో ఒకరు పక్కన కూర్చుని కీర్తనలు చదువుతారు" అంది. నేను కూర్చుంటానన్నాను. మా ఇళ్ళలో శవం దగ్గర నుంచి వస్తే స్నానం చెయ్యనిదే గడప తొక్కరు. ఆ సంగతి తరవాత చూసుకోవచ్చు అనుకున్నాను.

మార్చురీ లోపలికి రానివ్వలేదు. ఇనప తలుపు బయట నిలబడ్డాను. అక్కడి కాపలా పఠాను నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మా, అందర్ కోయీ నహీ. ఖలాస్. ఘర్ జావో" అన్నాడు, లోపల ఎవరూ లేరు, ఇంటికి పొమ్మని.

"హై" అన్నాను, ఉందని. "మేరీ సిస్టరమ్మ హై."

ఏమనుకున్నాడో, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. వాళ్ళ కీర్తనలు నాకు రావు. మావి చదవచ్చో లేదో తెలియదు, అడుగుదామంటే ఆవిడే లేదు. అందుకని తలుపుకు దగ్గరగా జరిగి బిల్డింగు కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. లిఫ్టు మళ్ళీ చెడిపోయిందని, మూడో అంతస్తు వాళ్ళకు ఆడపిల్ల పుట్టిందని, ఈసారి చలి ఎక్కువగా ఉందని. పఠాను కాసేపు విన్నాడు. అతనికి తెలుగు రాదు. లేచి, సన్నగా పాడుతున్న తన రేడియో ఆపేసి, తలుపుకు రెండో పక్క గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.