ఒకటికి మించిన పన్నెండు ముక్కలు

మా ఇంట్లో ఏ మంచం కింద చీపురు పెట్టినా అట్టముక్కలు రావాల్సిందే. ఒకసారి మా అత్తగారి కంచంలోనూ ఒకటి తేలింది. ఆ రోజు నుంచి ఆవిడ పెద్దకోడల్ని 'కత్తెరమ్మా' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు ఇల్లు దాటి, వీధి దాటి, మా బడి దాకా పాకింది. నేను మాత్రం అక్కా అనే అంటాను. ఆమె నాకు తోడికోడలు. ఇద్దరం ఒకే బడిలో పంతులమ్మలం. ఆమె లెక్కలు చెబుతుంది, నేను భాష చెబుతాను. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం నాకేమీ లేదు.

అక్కకు ప్రాణమల్లా బడి వెనకున్న లెక్కల గది. ఒకప్పుడది పాత సామాను పడేసే కొట్టు. సున్నం తనే వేయించింది, అరలు తనే కొట్టించింది. నెలకో శనివారం చుట్టుపక్కల బళ్ళ లెక్కల టీచర్లంతా అక్కడ చేరతారు. మామూలుగా శిక్షణ అంటే ఏముంటుంది? ఒకరు మైకు పట్టుకుంటారు, మిగతావాళ్ళు ఆవులింతలు ఆపుకుంటారు. అక్క గదిలో అలా కుదరదు. అందరూ చాపల మీద కూర్చోవాలి, అట్టలు కొయ్యాలి, ఆ నెలలో తమ పాఠం ఎక్కడ బెడిసికొట్టిందో నోరు విప్పి చెప్పాలి. బాగా జరిగిన పాఠం గురించి చెప్పబోతే మధ్యలోనే ఆపేస్తుంది. "అది ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పుకోండి మాస్టారూ, ఇక్కడ చెడింది చెప్పండి" అంటుంది. పెద్దా చిన్నా లేకుండా అందరూ నవ్వుకుంటూ తమ తప్పులు చెప్పుకునే గది అదొక్కటే. నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ గదికి ఎసరొచ్చింది. పైఆఫీసులో ఎవరికో కొత్త ఆలోచన పుట్టింది. టీచర్లు ఇలా చేరడం దేనికి, పాఠాలు వీడియోలు తీసి అందరి ఫోన్లకూ పంపితే సరిపోతుంది కదా అని. గదిని విరిగిన బెంచీలు పెట్టుకోవడానికి తీసుకుంటారట. చివరి అవకాశంగా, అక్క ఒక మాదిరి పాఠం చెప్పాలి. నిజమైన పిల్లలతో, చుట్టూ టీచర్లు కూర్చుని చూస్తుండగా. పర్యవేక్షణకు వచ్చే అధికారి చూసి, ఉంచాలో తీసేయాలో పైకి చెబుతాడు.

పాఠం భిన్నాల మీద. అక్క తయారుచేయించిన భిన్నాల పెట్టెలతో. పెట్టెలో పొడుగాటి ఎర్ర పట్టీ ఒకటి ఉంటుంది, దాని పేరే 'ఒకటి'. మిగతావన్నీ దాని ముక్కలు: రెండు సగాలు, మూడు మూడో వంతులు, అలా పన్నెండో వంతుల దాకా ఒక్కోటి ఒక్కో రంగు. ఏ రంగు ముక్కలన్నీ పక్కపక్కన పేర్చినా ఎర్ర పట్టీతో సమానంగా రావాలి. ఏళ్ళ తరబడి వీటిని అట్టతో చేసేది, పిల్లల చేతుల్లో నలిగి అవి పీలికలయ్యేవి. ఈసారి లామినేషన్ చేయించి, బడికో పెట్టె చొప్పున పంపింది. తన క్లాసుకు మాత్రం పాత నలిగిన అట్టలే ఉంచుకుంది. కొత్తవి అందరికీ అందాకే తనకట. ఈ మాదిరి పాఠం కోసమే మరికొన్ని కొత్త పెట్టెలు ముందురోజు షాపు నుంచి తెప్పించింది.

ఆ రోజు గదిలో గాలి ఆడలేదు. మధ్యలో చాపల మీద పిల్లలు, గోడల వెంబడి టీచర్లు, తలుపు దగ్గర కుర్చీలో అధికారి. నేను తోడుగా వెళ్ళి మూల నక్కాను. అధికారి కూర్చున్నప్పటి నుంచీ చేతిగడియారం చూసుకుంటున్నాడు. పెళ్ళిచూపుల్లో నచ్చని సంబంధం చూస్తున్నవాడిలా ఉంది ఆయన వాలకం. అక్క గొంతు మాత్రం రోజూలాగే ఉంది. సగాలు పేర్పించింది, నాలుగో వంతులు పేర్పించింది. పిల్లలు ఉత్సాహంగా అరుస్తున్నారు. అధికారి చూపు గడియారం మీంచి చాపల మీదికి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

"ఇప్పుడు మీకు నచ్చిన రంగు తీసుకోండి" అంది అక్క.

నా దగ్గర్లో కూర్చున్న రెండు జడల పిల్ల ఆకుపచ్చవి ఎంచుకుంది. పన్నెండో వంతులు. ఎర్ర పట్టీ కింద శ్రద్ధగా పేర్చి, చివర చూసి, చెయ్యెత్తింది.

"టీచర్, నాది ఎక్కువొచ్చింది."

చూస్తే నిజమే. ఆకుపచ్చ వరుస ఎర్ర పట్టీని దాటి రెండు వేళ్ళ మందం బయటికి వచ్చింది. ఆ పిల్ల వెనకే కూర్చున్న కొత్త సారు చటుక్కున ముందుకు వంగాడు. కిందటేడే ఉద్యోగంలో చేరాడు, అక్కంటే అతనికి దేవుడి తర్వాత దేవుడు. "ఏం లేదమ్మా, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి కాస్త ఎక్కించు... ఇలా... చూశావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"సరిపోయింది టీచర్!" అంది పిల్ల.

అధికారి మొదటిసారి నవ్వాడు. అక్క 'శభాష్' అంటే అయిపోయేది. గది నిలిచేది. అనక్కా, అనెయ్ అని లోపల్లోపల ఎంత మొక్కుకున్నానో. ఆమె అనలేదు. వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మళ్ళీ పెట్టమ్మా. ఎక్కించకుండా, అంచుకి అంచు తగిలేలా."

మళ్ళీ దాటింది. మిగతా పిల్లల్నీ ఆకుపచ్చవి పెట్టమంది. అందరివీ దాటాయి. ఆరో వంతులు పెట్టమంటే అవీ దాటాయి, కాకపోతే కొంచెం తక్కువ. నాలుగో వంతులు ఇంకాస్త తక్కువ. సగాలైతే బియ్యపు గింజంత. ఇందాక ఆ ఉత్సాహంలో ఈ రెంటినీ ఎవరూ పట్టించుకోలేదు.

"ఏంటమ్మా ఇది? పన్నెండు ముక్కలూ కలిపితే ఒకటి కాదా?" అన్నాడు అధికారి.

అక్క ఒక ముక్క తీసుకుని గోటితో అంచు తడిమింది. లెక్కలు రాని నాకే అర్థమైపోయింది. రంగు కాగితం చుట్టూ సన్నటి ప్లాస్టిక్ అంచు ఉంది. ప్రతి ముక్కకీ రెండు పక్కలా. ముక్కలు పెరిగేకొద్దీ అంచులూ పెరిగాయి.

"ఈ కాగితం కొలత సరిగ్గానే ఉంది" అంది ఆ పిల్లతో. "చుట్టూ ఉన్న ఈ అంచు నేను వదలమన్నది. వదిలాక కొలిచి చూడలేదు. నీ దగ్గరున్నది ఒకటి కంటే పెద్దదే. నువ్వు మొదట చెప్పిందే రైటు."

తర్వాత లేచి కొత్త సారు వైపు తిరిగింది.

"ఎక్కిస్తే సరిపోతుందని మీకెలా తెలుసు సార్?"

"మా పిల్లలకి కూడా ఇలాగే వచ్చింది మేడం."

"ఎప్పుడు?"

"పెట్టె వచ్చిన కొత్తలో."

"ప్రతి నెలా వస్తున్నారు కదా. చెడింది చెప్పుకోవడానికే కదా కూర్చుంటున్నాం. ఇది చెప్పలేదేం?"

"మీరు చేసినదాంట్లో తప్పుంటుందని అనుకోలేదు మేడం. మా క్లాసులో ఒక పిల్ల పెద్దదే, పెద్దదే అని ఒకటే మొండి. సరిగ్గా పెట్టడం రాక అంటోందనుకుని... కాస్త గట్టిగానే కేకలేశాను."

అక్క ఆ మాటకు కళ్ళు మూసుకుంది. తర్వాత గోడల వెంబడి చూసి, "మిగతావాళ్ళకి?" అంది. అందరిలో పెద్దాయన నోరు విప్పాడు. "అబద్ధం దేనికమ్మా. మేం పెట్టె తెరవలేదు. ముక్క పోతే ఎవరు జవాబు చెప్పుకుంటారని బీరువాలో పెట్టి తాళం వేశాం. దుమ్ము కూడా పడనివ్వలేదు." చాలా తలలు అవునన్నట్టు ఊగాయి. ఆ దుమ్ము సంగతేదో ఘనకార్యంలా చెప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ ఇంట్లో నడుం పడిపోయేలా కోస్తే, వీళ్ళు భద్రంగా దాచారట! నోటికొచ్చింది అనేసేదాన్నే, అధికారి ఉన్నాడని పళ్ళ బిగువున ఆగాను.

పాఠం అక్కడితో ఆగిపోయింది. అధికారి అక్కను వరండాలోకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పాలి.

"మీ కష్టం నేను చూశానమ్మా. రేపు పొద్దున పైఆఫీసుకి రండి. లామినేషన్ షాపువాళ్ళ పొరపాటు, మళ్ళీ చేయిస్తున్నామని ఒక్క మాట అనండి. మిగతాది నేను చూసుకుంటా. మీరు రాకపోతే మాత్రం గది పోయినట్టే, నా చేతుల్లో ఏం లేదు."

అక్క తలూపింది. సరేనన్నట్టే ఊపింది. నేను నా కళ్ళారా చూశాను.

ఇంటికొచ్చాక మాత్రం ముద్ద దిగలేదు ఆమెకు. "షాపతనికి అంచు వదలమని చెప్పింది నేనేనే. కాగితం అంచు వెంటే కోస్తే ప్లాస్టిక్ ఊడిపోతుందని నేనే పట్టుబట్టాను. ఇప్పుడు అతని మీద తొయ్యనా?" అంది.

"అతనికేం పోతుందక్కా? అతనికి తెలియను కూడా తెలియదు."

బావగారు నా వైపే మాట్లాడాడు. "ఆ మాట నోటికి రాకపోతే ఊరికే వెళ్ళి కూర్చో. ఆయనే ఏదో ఒకటి అంటాడు." అత్తగారు కూడా, "గది ఉంటే కదే కత్తెరమ్మా, తప్పు దిద్దుకునేది" అంది. ఆ మాట తిరుగులేనిదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు తలనొప్పని బడికి సెలవు చెప్పి మరీ ఆమెతో బయల్దేరాను. బస్టాండులో పైఆఫీసు వైపు వెళ్ళే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను ఎక్కి సీటు ఆపాను. వెనక్కి చూస్తే మనిషి లేదు. అవతల ఆగిన బస్సు మెట్టెక్కుతోంది. పరుగెత్తి, చెప్పు తెగి, ఆ బస్సు అందుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"మతి పోయిందా? ఇది కొత్త సారు వాళ్ళ బడికెళ్ళే బస్సు!"

"తెలుసు."

"రేపెళ్ళొచ్చు కదా! ఆ పిల్ల ఎక్కడికీ పోదు. ఈ పూట దాటితే గది పోతుంది."

"పెద్దదే అందటే ఆ పిల్ల. ఒక్కతే అంది. ఇన్ని బళ్ళలో నిజం చెప్పింది అదొక్కతే. అది చెప్పింది నా దాకా రానేలేదు. రేపటిదాకా ఎలా ఆగను?"

దారిలో అధికారి ఫోన్ చేశాడు. "నేను రావడం లేదండీ. షాపువాళ్ళ తప్పేం లేదు, తప్పు నాదే. అలాగే చెప్పండి" అంది. అటునుంచి ఏమన్నాడో వినపడలేదు. "అర్థమైందండీ" అని పెట్టేసింది. అంతే. ఇన్నేళ్ళ గది అంత తేలిగ్గా పోయింది. ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది, నేను ఆమె చెయ్యి పట్టుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను. దేన్ని తిడుతున్నానో నాకే తెలియలేదు.

కొత్త సారు బడి రోడ్డు చివర ఉంది, రెండే గదులు. మమ్మల్ని చూసి అతను కంగారుపడిపోయాడు. అక్క ఎందుకొచ్చిందో చెప్పాక, లోపలికెళ్ళి ఒక పిల్లను పిలుచుకొచ్చాడు. బక్కపలచటి పిల్ల, మోచేతి దాకా సిరా. వరండాలో నేల మీద పెట్టె తెరిచి అక్క దాని ఎదురుగా కూర్చుంది.

"ఆకుపచ్చవి పెట్టి చూపిస్తావా అమ్మా?"

పిల్ల చకచకా పేర్చింది. ఒకదాని అంచు మీదికి ఒకటి, ఒకేలా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఎక్కించింది. చివరి ముక్క ఎర్ర పట్టీ చివర సరిగ్గా ఆగింది. చేతులు కట్టుకుని లేచి నిలబడింది.

"సరిపోయింది మేడం. ఇప్పుడు నాకు వచ్చు."

కొత్త సారు ఆ పిల్ల పక్కన నేల మీద కూలబడ్డాడు. ముక్కలన్నీ విడదీసి అంచుకి అంచు తగిలేలా జరిపాడు. వరుస బయటికి పొడుచుకొచ్చింది.

"ఆ రోజు నువ్వు చెప్పిందే రైటురా. ఇది పెద్దదే. నేనే చూడలేదు."

పిల్ల ఆ చివరను చూసింది. అతన్ని చూసింది. ఇదేదో కొత్త పరీక్షేమోనన్న భయం దాని కళ్ళలో నాకు కనపడింది.

"నిజంగా పెద్దదేనా సార్?"

"నిజంగానే."

"మరైతే నన్ను అందరి ముందూ ఎందుకు నిలబెట్టారు?"

అక్కే జవాబు చెప్పింది: "మీ సారు నన్ను నమ్మారమ్మా. నీ కళ్ళని నమ్మాల్సింది."

పిల్ల ముక్కలన్నీ ఏరి పెట్టెలో సర్ది, మూత పెట్టి, అక్క వైపు తోసింది.

"నాకు వద్దు మేడం ఇది."

అక్క ఆ పెట్టె అందుకోలేదు. అక్కడి నుంచి లేవనూ లేదు.