దహబో రుచి చూడటం మానేసింది

హర్గీసా బజారులో దహబో దగ్గర ఆకు కొనేవాళ్లు బేరమాడరు. మధ్యాహ్నం ట్రక్కు, నమిలితే హుషారెక్కించే ఖాత్ ఆకు కట్టలు దించగానే ఆమె తడి గోనె విప్పి, ప్రతి కట్టలోంచీ ఒక లేత చిగురు తుంచి నోట్లో వేసుకునేది.

"ఇది మెతక, ముసలాళ్లకు సరిపోతుంది. ఇది మాత్రం చురుకు. రాత్రి నిద్రపట్టక పెళ్లాన్ని విసిగిస్తే నా పూచీ లేదు."

మగవాళ్లు నవ్వుకుంటూ ఆ కట్టే పట్టుకుపోయేవారు. ఆ మాట మీదే బేరం నడిపి ఆమె తన ఆడపిల్లల్ని చదివించింది. బజారులో తనకున్న పేరంటే ఆమెకు ప్రాణం.

నమలడం మాత్రం మగవాళ్ల వ్యవహారం. ఆడది నమిలిందంటే నలుగురిలో పరువు పోయినట్టే. దహబో మొగుడు వర్సమే రోజూ స్నేహితులతో చేరి, బుగ్గ నిండా ఆకు దట్టించి, సాయంత్రం దాకా లోకాన్ని బాగుచేసేవాడు. ఆయన జట్టులో ఒకాయన గుండె పట్టుకుని పడిపోయాక దహబోకు బెంగ పట్టుకుంది. పోరి పోరి మొగుణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్లింది.

ఆయన గుండె ప్రస్తుతానికి బాగానే ఉందట. ఆ మాట చెప్పిన డాక్టరమ్మ, మెట్లెక్కి వచ్చి ఇంకా రొప్పుతున్న దహబోను చూసి ఆగిపోయింది.

"అత్తా, ఈ ఆయాసం ఎప్పటినుంచి?"

"వయసమ్మా. వీపు బరువుగా ఉంటుంది, దవడ లాగుతుంది. కట్టలు మోయడం కదా."

"ఆకు నములుతావా?"

"ఛీ, నేనెందుకు నములుతాను? అమ్ముతాను. రుచి చూస్తానంతే."

"ప్రతి కట్టా?"

దహబో వేళ్ల మీద కట్టలు లెక్కపెట్టబోతే వేళ్లు చాలలేదు. వర్సమే పడీపడీ నవ్వాడు.

"ఓసినీ, నాకన్నా నువ్వే ఎక్కువ తిన్నావు కదే."

పరీక్షలయ్యాక ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె గుండె బాగా నీరసించింది.

"మగాళ్లు రొమ్ము పట్టుకుంటే ఊరంతా పరిగెత్తుకొస్తుంది," అంది డాక్టరమ్మ. "ఆడవాళ్లకు చాలాసార్లు ఆయాసంగానో అలసటగానో మొదలవుతుంది. పైగా వాళ్లను ఆకు సంగతి ఎవరూ అడగరు. ఇక చిగురు కూడా ముట్టకు. మందులు వేసుకుంటే కోలుకుంటావు. ముట్టావంటే నాకు భయమే."

మర్నాడు "ఏది మంచిదక్కా?" అన్నవాళ్లకు దహబో, "మీరే ఏరుకోండి," అంది. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. పెళ్లాం కోసం తాను రుచి చూస్తానని వర్సమే కూర్చున్నాడు. ఇదీ బాగుంది, అదీ బాగుంది అంటూ సగం కట్ట నమిలేశాడు. మగాడి నాలుకను ఎవరు నమ్ముతారు? జనం పక్క బల్ల మీద రుచి చూసి ఆకమ్మే కుర్రపిల్ల హిబాక్ దగ్గరికి మళ్లారు. దహబోకు ఒళ్లు మండింది, ఏడుపు కూడా వచ్చింది.

కానీ ఊపిరి మెల్లగా తిరిగొచ్చింది. ఒకరోజు బజారు నుంచి ఇంటిదాకా ఎక్కడా ఆగకుండా నడిచి, గుమ్మంలో నిలబడి తనలో తానే నవ్వుకుంది. ఆకు బల్ల మీద ఇప్పుడు ఒంటె పాలు పోసి, యాలకులు వేసి కాచిన టీ అమ్ముతోంది. రాబడి తగ్గింది. అయినా రాత్రి హాయిగా నిద్రపోతోంది.

అవతల హిబాక్ బల్ల కిటకిటలాడుతోంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల కట్టల మధ్య కూలబడి, వీపు మీద చెయ్యేసుకుని ఊపిరి కోసం తంటాలుపడుతూ కనిపించింది. పెదవి అంచున చిగురు ముక్క అంటుకుని ఉంది. మనకెందుకులే, నా బేరమంతా పట్టుకుపోయిందిగా అని దహబోకు ఒక్క క్షణం అనిపించింది. సిగ్గేసింది. టీ గ్లాసు దించి లేచింది.

"గోనె కప్పు. ఆసుపత్రికి పోదాం."

"నాకేం రోగం? నా బల్ల ముందు జనాన్ని చూసి నీకు కుళ్లు."

"కుళ్లే. కాదనను," అంది దహబో ఆమె చంక కింద చెయ్యివేసి లేపుతూ. "నా మీద ఆనుకో. అక్కడ మెట్లున్నాయి, నేను ఎక్కిస్తాను."