కారు చూడవచ్చినవాళ్లకు కోడికూర

ఎండలు ముదిరేలోపు బోరు వేయించాలని మా ఆయన పాత కారు అమ్మకానికి పెట్టాడు. మణుగూరు ఇంటర్నెట్ సెంటర్‌లో ఫొటోలు ఎక్కించి, మా ఫోన్ నంబర్ ఇచ్చి వచ్చాడు. వస్తామన్నవాళ్లలో సగం మంది రానే లేదు. వచ్చినవాళ్లు అడవి దారిన అంత దూరం వచ్చారు కదా అని ప్రతిసారీ కోడికూర వండి అన్నం పెట్టాను. తిన్నవాళ్లు ఫోన్ చేస్తామని వెళ్లి, మళ్లీ మా ఫోన్ ఎత్తలేదు.

ఒకరోజు మజ్జిగ చెంబుతో వసారాలోకి వస్తుంటే, కారు చూడవచ్చిన ఒకాయన చెయ్యి కడుక్కుంటూ వెంట వచ్చిన తన తమ్ముడితో అంటున్నాడు.

"బండిల ఏదో లొసుగున్నదిరా. లేకుంటే ముక్కు మొహం తెల్వనోళ్లకు గిట్ల కోడిని కోసి పెడ్తరా?"

"అవ్ అన్నా. కూరైతే మస్తుగున్నది."

నాకు తల కొట్టేసినట్టయింది.

తరువాత బోనకల్ నుంచి ఒకాయన వస్తే మంచినీళ్లిచ్చి ఊరుకున్నాను. ఆయన పెద్దగా బేరమాడకుండానే కారు తీసుకున్నాడు. తాళం చేతికందాక అడిగాడు.

"అక్కా, ఇక్కడ హోటల్ ఏమన్నా ఉందా? పొద్దుటి నుంచి ఏం తినలే."

మా పొయ్యి మీద కూర వాసన వాకిలి దాకా వస్తోంది. ఇప్పుడు తినమంటే బండిని అనుమానిస్తాడేమోనని నోరు రాలేదు.

"మణుగూరు దాక పోవాలె తమ్మీ" అన్నాను, మొహం చూడలేక.