మూడు చెక్కల మీద మా బావి

ఎనభైల్లో మా వైపు పెళ్లిచూపులంటే ముందు గది గోడ మీద అమ్మాయి చేతిపనులు వేలాడాల్సిందే. పూసల చిలకలు, ఊలు కుక్కపిల్లలు, అద్దాలు కుట్టిన గుడ్డలు. నాకు కుట్లు రావు. సూది పడితే గుడ్డ కంటే ముందు నా వేలికే దిగేది. అందుకని, గుంటూరు కాలేజీలో డ్రాయింగ్ మేడం దగ్గర నేర్చుకుని వేసిన చెక్క అచ్చు బొమ్మ తగిలిద్దామంది అమ్మ.

అది పర్చూరు దగ్గర మా మిరప చేలో దిగుడుబావి బొమ్మ. టేకు చెక్కని ఉలితో చెక్కి, రంగు పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దాలి. ఉలితో తొలిచిన చోట రంగు అంటదు, మిగిలిన చోటే కాగితం మీద పడుద్ది. రంగుకో చెక్క. కళ్లంలో ఎండుతున్న కాయలకి ఎరుపు, నీళ్లకి ఆకుపచ్చ, మెట్లకీ మనిషికీ నలుపు. మనిషంటే ఒక్కతే, నీళ్ల మధ్య చేతులు చాపి ఈదుతున్న పిల్ల.

ఆ పిల్ల నేనే. ఈత నేర్పింది నాన్న. నడుముకి ఎండు సొరకాయ కట్టి, "దూకవే, నేనున్నాగా" అనేవాడు. సొరకాయ విప్పేసి మొదటిసారి ఈ దరి నుంచి ఆ దరికి ఈదిన రోజున, కాయ కోస్తున్న కూలీలందర్నీ కేకేసి మరీ చూపించాడు. నేను పెద్దమనిషినయ్యాక మాత్రం బావి వైపు వెళ్లొద్దన్నాడు. ఎందుకని అడిగితే "అంతే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటే తలుపు, ఆ మాటే గొళ్లెం. వేసవంతా దొడ్లో గోలెం పక్కన కూర్చుని, నీళ్లలో చెయ్యి ఆడించుకునేదాన్ని.

బొమ్మ చూడగానే నాన్న మొహం మాడ్చుకున్నాడు.

"ఆ పిల్లని తీసెయ్యవే. చూసినోళ్లు, ఈ పిల్ల బావుల్లో దూకుద్దా అనుకోరూ?"

"తీస్తే బొమ్మ పాడవుద్ది నాన్నా."

"ఎందుకు పాడవుద్ది? చెక్కేస్తే పోద్ది."

పలక మీద గీత తుడిచినట్టు పోతుందనుకున్నాడు. పిల్ల ఉన్న మేర ఆకుపచ్చ చెక్కని ముందే తొలిచేశాను. నల్ల చెక్కలో కూడా తొలిచేస్తే అక్కడ ఇక ఏ రంగూ పడదు. ఒళ్లు మండిపోతుంటే నా తలా, నా చేతులూ నేనే చెక్కేశాను. కొత్త అచ్చు తీస్తే, పచ్చటి నీళ్లలో తెల్లగా పిల్ల. మునుపటికంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మళ్లీ మార్చడానికి వేళ లేదు, చుట్టాలు బస్సు దిగారు.

పెళ్లికొడుకు తల్లి కళ్లజోడు సర్దుకుని గోడ దగ్గరికెళ్లింది.

"నీళ్లలో తెల్లగా అదేందండీ?"

"కొంగండి," అన్నాడు నాన్న.

"చేతులున్నట్టున్నయ్యే. అమ్మాయికి ఈతొచ్చా?"

తలెత్తి నాన్న వైపు చూశాను. వచ్చని ఒక్క మాట అంటే చాలు, సంబంధం పోయినా నాకు దిగులు లేదు.

"అబ్బే, మా పిల్లకి నీళ్లంటేనే భయమండి."

అందరూ నా వైపు తిరిగారు. "అవునండి," అన్నాను.

సంబంధం కుదిరింది. అత్తగారు మంచి మనిషి, నాన్న మాట మర్చిపోలేదు. కార్తీక పౌర్ణమికి చీరాల సముద్రానికి వెళ్లినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నీళ్లలోకి దిగేవాళ్లు. నన్ను మాత్రం ఇసకలో చెప్పులు, సంచుల దగ్గర కూర్చోబెట్టి, భుజం తట్టి చెప్పేది.

"నువ్వు రావద్దులేమ్మా, నీకు భయం కదా."