ఎండలో నిలబడి పిలిచిన మునెమ్మ పెద్దమ్మ

ఈ ఉదయం వేలూరులో మా మిద్దె మీద గంజి పెట్టిన నూలు చీర ఆరేశాను. ఎండ తగిలి గంజి వేడెక్కేసరికి సన్నని పులుపు వాసన వచ్చింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసన వెనకే నాకు మా అత్త అక్కా అని పిలిచే మునెమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. గుడియాత్తంలో మా నేతవీధి వాళ్ళు ఆమెను ఎండమ్మ అనేవాళ్ళు. అది ముద్దుపేరు కాదు, ఎగతాళి. వీధిలో ఎండ ఎటు జరిగితే అటు తన పీట జరుపుకుంటూ కూర్చునేదని ఆ పేరు పెట్టారు. తెల్లవారుతూనే వీధి పొడవునా లుంగీలు నేసే పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి గంజి పట్టించి, లేత ఎండలో ఆరనిచ్చేవాళ్ళు. ఆ గంజి కాచే పని ఆమెది. మొగుడు లేనిది కాబట్టి పోగు మాత్రం ముట్టనిచ్చేవాళ్ళు కాదు.

దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో నేను ఆ వీధికి కోడలిగా వచ్చాను. రాష్ట్రాలు విడదీస్తారన్న మాటలు ముదిరిన రోజుల్లో నా పెనిమిటి జ్వరంతో పోయాడు. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. మా ఇళ్ళలో మొగుడు పోయినదాన్ని ఏడాది తిరిగేదాకా మూల కూర్చోబెట్టేవాళ్ళు. కిటికీ లేని లోపలి గది. వెలుగు ఉండగా గడప దాటకూడదు. పడుగు వేసిన వేళ నా నీడ పడితే పోగు తెగుతుందని అందరి నమ్మకం. నాదీ అదే నమ్మకం. బిడ్డను ఆ గదిలోనే కన్నాను. ఏడాది అన్నది మాటకే. మంచిరోజు కుదరలేదనీ, పెద్దవాళ్ళు ఊళ్ళో లేరనీ అది సాగుతూ పోయింది.

చీకటికి ముందు కళ్ళు అలవాటు పడ్డాయి. తర్వాత నడుములో, తొడల్లో ఎముక లోపలినుంచి నొప్పి మొదలైంది. గోడ పట్టుకోకుండా లేవలేను. పొద్దుకూ మాపుకూ తేడా పోయింది. సరిగ్గా నిద్రా లేదు, సరిగ్గా మెలకువా లేదు. బయట మగవాళ్ళు చిత్తూరు ఆంధ్రలోకి పోతుందట, మరి మన గుడియాత్తం సంగతేమిటని అరుచుకుంటుంటే, ఆ గొంతులు ఏదో బావి అడుగునుంచి వస్తున్నట్టు ఉండేవి. ఒక్కోసారి ఒడిలో బిడ్డ ఉన్న సంగతే మరిచిపోయి, ఈ బరువేమిటని తడిమి చూసుకునేదాన్ని. ఆ ఈడు పిల్లలు బోర్లాపడి పాకుతుంటే నా బిడ్డకు మెడ కూడా నిలవలేదు.

ఒక ఉదయం మునెమ్మ పెద్దమ్మ గంజి కాచిన చేతులతోనే లోపలికి వచ్చి బిడ్డ తల నిమిరింది. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగిపోయింది.

"రాజమ్మా," అని మా అత్తను కేకేసింది. "ఈ బిడ్డ తల చూసినావా? వెనకతట్టు వేలు పెడితే సొట్ట పోతా ఉండాది. నా కొడుక్కీ ఇట్లనే ఉన్నింది."

"పొద్దున్నే ఆ పాత కత ఎందుకక్కా?"

"నేను కూర్చున్నదీ ఇట్లాంటి మూలే. వాడు నా ఒళ్ళోనే పోయినాడు. ఎండ ఎట్లుంటాదో తెలీకనే పోయినాడు."

అత్త గడప దగ్గరికి పోయి వీధిలోకి తొంగి చూసింది. ఆమె చెడ్డది కాదు, భయస్థురాలు. చివరికి, "బిడ్డను కావాలంటే ఎత్తుకోని పో. కోడల్ని మాత్రం అడగొద్దు," అంది.

పెద్దమ్మ బిడ్డకు నువ్వులనూనె రాసి ఎదురింటి అరుగు మీద ఎండలో పడుకోబెట్టింది. కాసేపటికి ఆకలేసి బిడ్డ ఏడుపు అందుకుంది. అత్త పరుగున పోయి చేతులు చాచింది.

"ఇటియ్యక్కా. పాలు తాగించి పంపిస్తా."

"ఇయ్యను. పాలు కావాలంటే తల్లే ఈడికి రావాల."

"నీకేమన్నా పైత్యమా? పడుగు వేసుండారు, వీధంతా చూస్తా ఉండాది!"

"చూడనీ. చూసేదానికి టికెట్టా పెట్టినాను?"

పడుగు దగ్గరినుంచి ఒక మగ గొంతు అరిచింది: "ఏయ్ ఎండమ్మా, పోగు తెగిందంటే నీ గంజి నీ నెత్తినే పోస్తా!"

"పోసెయ్యి నాయనా. ఊడిపోయే జుట్టన్నా నిలబడతాది."

ఎవరో నవ్వారు. బిడ్డ గొంతు బొంగురుపోయింది. నా రొమ్ములనుంచి పాలు కారి రవిక తడిసింది. గోడ పట్టుకుని లేచాను. గడప దగ్గర ఆగాను కూడా. ఏడుపు సన్నబడి ఎక్కిళ్ళయ్యాక ఇక ఆగలేకపోయాను. బయట వెలుగు కళ్ళలో కారం కొట్టినట్టు తగిలింది. నాలుగడుగులు వేసి వీధిలోనే కూలబడ్డాను. పెద్దమ్మ బిడ్డను నా ఒడిలో పెట్టింది. కళ్ళు తెరవలేక నేను తల వంచుకుంటే, ఎవరో పైట చెంగు నా ముఖానికి అడ్డం పట్టారు. గాజుల చప్పుడును బట్టి అది అత్త అని తెలిసింది. మొగుడు పోయాక అంతవరకూ నాకు ఏడుపు రాలేదు. ఆ ఎండలో, బిడ్డ పాలు తాగుతుండగా వచ్చింది.

ఆ పూట పడుగులో పోగులు తెగాయి. ఏ పూట తెగవు? కానీ ఆ పూట తెగినవి మాత్రం ఎండమ్మ ఖాతాలో వేశారు. మర్నాటినుంచి ఆమెకు గంజిపని లేదు. నన్నూ బిడ్డనూ అత్తే రోజూ పెరట్లో ఎండలో కూర్చోబెట్టసాగింది. నాకు నిద్ర తిరిగొచ్చింది, ఆకలి తిరిగొచ్చింది. బిడ్డకు మెడ నిలిచింది. ఆలస్యంగా నడిచింది, కాళ్ళు కాస్త వంకరపోయాయి, కానీ నడిచింది.

పెద్దమ్మ బీడీల కొట్టంలో చేరింది. ఆకు ఎండితే చుట్టేటప్పుడు విరిగిపోతుందని, అక్కడ కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టేవాళ్ళు. పగలంతా ఆ మసకలో, పొగాకు దుమ్ములో కూర్చునేది. నేను బిడ్డను చంకనెత్తుకుని చూడబోయేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. మాటకొక దగ్గు.

"బయట కూర్చోని చుట్టకూడదా పెద్దమ్మా?"

"ఆకు ఒప్పుకోదమ్మా. నాకు ఎండ కావాల, దానికి వద్దు. కూలి దాని చేతిలో ఉండాది." మళ్ళీ దగ్గింది. "బిడ్డ నడస్తా ఉండాదా?"

"నడస్తా ఉండాది. పడతా ఉండాది."

"పడనీ. ఎత్తుకోవద్దు, దింపు."

దింపాను. బిడ్డ ఆ మసకలో తడబడుతూ రెండడుగులు వేసి ఆమె మోకాలు పట్టుకుంది. ఆ వానాకాలం దాటలేదు ఆమె.

ఆ బిడ్డ, నా కూతురు, ఇప్పుడు మనవరాళ్ళను ఎత్తింది. నడుస్తుంటే ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా పడుతుంది. వంటింట్లో ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా నా బిడ్డ బతికిందన్న సంతోషం పైకి వస్తుంది. దాని వెంబడే, ఆ బతుకు ఎవరి ఊపిరి తీసుకుందో గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ రెండూ నాలో విడివిడిగా రావు.